మట్టమూ మీటరూ

వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ గురించి మా రాజమహేంద్రవరంలో మూడు రకాల అంకెలు నోళ్ళలో నలుగుతుంటాయి. మట్టం ఎంతుందండీ అంటే 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు అంటారు. నీళ్ళెంత వదులుతున్నారంటే 10 లక్షల క్యూసెక్కులు అంటారు. మర్నాడు పేపరు తిరగేస్తే ఈ సీజన్లో ఇప్పటిదాకా ఇన్ని టీఎంసీలు సముద్రంలో కలిశాయని ఉంటుంది. మూడూ ఒకే గోదావరి సంగతులే అయినా మూడు వేరువేరు జాతుల అంకెలు. మట్టం అంటే ఈ క్షణాన నది ఉన్న తీరు. అది పెరుగుతుంది, తగ్గుతుంది. టీఎంసీలు సీజను మొదలైనప్పటి నుంచి పోగుపడిన మొత్తం. ఎక్కడమే గాని దిగడం దానికి తెలీదు. క్యూసెక్కులు ఆ మొత్తం ఎంత వేగంగా పెరుగుతోందో చెబుతాయి. 10 లక్షల క్యూసెక్కులు రోజల్లా పారితే 86.4 టీఎంసీలవుతాయి.

లాకుల దగ్గర పనిచేసే లస్కర్లెవరూ నిన్నటి మట్టానికి ఇవాళ్టి మట్టం కూడి మొత్తం ఇరవై మూడున్నర అడుగులండీ అని చెప్పరు. వాళ్ళకి ఏ అంకె ఏ జాతిదో తెలుసు. కంప్యూటరుకి తెలీదు. దానికి 11.75 అన్నా, 86.4 అన్నా 64 బిట్ల ఒక సంఖ్య, అంతే. కూడమంటే కూడుతుంది, సగటు తియ్యమంటే తీస్తుంది, సిగ్గుపడదు.

నా పని డేటాబేసుల మంచిచెడ్డలు చూసుకోవడం. కూర్చునేది ఇక్కడ మా ఇంట్లో. డేటాబేసులు నడిచేది ఎక్కడో క్లౌడ్‌లో. అమెజాన్ వాళ్ళు 2022 నవంబరులో హైదరాబాదులో తమ రీజియన్ తెరిచాక వాటిలో కొన్ని తెలుగు నేల మీదికే వచ్చాయి గాని, నాకు మాత్రం ఏదీ కంటికి కనబడేది కాదు. కనబడేది తెర మీద గీత. ఆ గీత వెనక ఒక అంకె, ఆ అంకె వెనక దాన్ని కోడ్‌లో ఎలా రాయాలో ఏళ్ళ తరబడి తలబద్దలు కొట్టుకున్నవాళ్ళ పనితనం ఉన్నాయి. ఆ పనితనాన్ని కాస్త దగ్గరగా చూపించాలని ఈ ప్రయత్నం. ఉదాహరణకి పోస్ట్‌గ్రెస్ డేటాబేసునూ, దాని పక్కన ప్రొమీథియస్ అనే కొలతల వ్యవస్థనూ తీసుకుంటాను. సౌండ్‌క్లౌడ్ అనే కంపెనీలో 2012లో మొదలైంది ప్రొమీథియస్. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, అందుకే నాకు ఇష్టం.

ముందు డేటాబేసు లోపలికి వెళ్దాం. సెకనుకి ఎన్ని లావాదేవీలు పూర్తిచేస్తున్నావని పోస్ట్‌గ్రెస్‌ని అడిగితే అది జవాబు చెప్పదు. లెక్కలు మొదలైనప్పటి నుంచి ఎన్ని కమిట్లు, అంటే పూర్తయిన లావాదేవీలు, అయ్యాయో మాత్రం చెబుతుంది. డిస్కు వైపు నుంచి తెచ్చుకోవలసి వచ్చిన బ్లాకులెన్ని, తన జ్ఞాపకంలోనే దొరికినవెన్ని, ఎన్ని డెడ్‌లాకులు పడ్డాయి, అన్నీ మొత్తాలే. పక్కనే ఆ లెక్కలు చివరిసారి ఎప్పుడు సున్నా చేశారో తేదీ, సమయం ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఇదేం మొండితనమనుకున్నాను. వేగం చెబితే ఎంత సుఖం!

కరెంటు మీటరు చూశాక విషయం బోధపడింది. మీటరు మీద ఉండేది ఈ నెల వాడకం కాదు, మీటరు పెట్టిన దగ్గర్నుంచి తిరిగిన యూనిట్లు. రీడింగు తీసేవాడు ఒక నెల రాలేదనుకోండి, నష్టం లేదు. వచ్చే నెల చూసి రెండు నెలలదీ కలిపి లెక్కేస్తాడు, ఒక్క యూనిట్ కూడా జారిపోదు. అదే మీటరు క్షణక్షణం వాడకం వేగాన్ని మాత్రమే చూపించేదైతే, చూడని క్షణాల వాడకం గాలికి పోయినట్టే. డేటాబేసు కూడా అంతే. చూసేవాడు ఎప్పుడొస్తాడో, ఎంతసేపటికోసారి వస్తాడో, వచ్చేవాళ్ళు ఒకరో ముగ్గురో దానికి అనవసరం. తన మొత్తం తాను పెంచుకుంటూ పోతుంది. చూసేవాడు రెండుసార్లు చూసి తీసివేసుకుంటాడు. ఇలాంటి అంకెను కౌంటర్ అంటారు. ఎక్కుతూ దిగుతూ ఉండే రకాన్ని, అంటే ఇప్పుడు తెరిచి ఉన్న కనెక్షన్లెన్ని లాంటివాటిని, గేజ్ అనే అంటారు. ధవళేశ్వరంలోనూ అదే మాట.

మొత్తం పెంచడం కూడా పైకి కనిపించినంత తేలిక కాదు. వందలాది ప్రాసెస్‌లు ఒకేసారి పనిచేస్తూ ఒకే అంకెను పెంచబోతే ఆ అంకె దగ్గరే తొక్కిసలాట అవుతుంది. కొలత వల్లే పని మందగిస్తే అది కొలత కాదు, జబ్బు. అందుకని పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి ప్రాసెస్ తన లెక్క ముందు తన జేబులోనే రాసుకుంటుంది. పని మధ్యలో తీరిక దొరికినప్పుడు, మామూలుగా సెకనుకొకసారి మించకుండా, ఉమ్మడి ఖాతాలో జమ చేస్తుంది. 14వ వెర్షన్ దాకా ఈ జమ పద్ధతి విచిత్రంగా ఉండేది. ప్రాసెస్‌లు తమ లెక్కల్ని చిన్న చిన్న యూడీపీ పొట్లాలుగా కట్టి, లెక్కలు రాయడానికే ఉన్న మరో ప్రాసెస్‌కి విసిరేవి. యూడీపీలో చేరిందో లేదో అడిగేవాడు ఉండడు. రద్దీ ముదిరితే పొట్లం ఒకటో రెండో జారిపోవచ్చు, పోతే పోనీ, అసలు పని ఆగకూడదు అన్నది పోస్ట్‌గ్రెస్ రాసినవాళ్ళ లెక్క. 2022లో వచ్చిన 15వ వెర్షన్లో ఆ గుమాస్తా ప్రాసెస్‌ని తీసేసి, లెక్కల్ని అందరూ అందుకోగల ఉమ్మడి మెమరీలోకి మార్చారు. అంత పాత ఏర్పాటును నడుస్తున్న బండిలో చక్రం మార్చినట్టు మార్చడం చూసి నేను ముచ్చటపడ్డాను.

ఇప్పుడు బయటికి వద్దాం. డేటాబేసు పక్కన ఎక్స్‌పోర్టర్ అనే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. ప్రొమీథియస్ పదిహేను సెకన్లకోసారి, మనం ఎలా పెడితే అలా, దాని తలుపు తడుతుంది. తట్టినప్పుడు ఎక్స్‌పోర్టర్ డేటాబేసును అడిగి, తెచ్చిన అంకెల్ని మామూలు అక్షరాల్లో వరసగా రాసి ఇస్తుంది. ఒక్కో కొలత రాసే పద్ధతి చూడండి. మొదటి వరసలో ఈ కొలత దేని గురించో మనుషుల భాషలో ఒక వాక్యం. రెండో వరసలో దాని జాతి: కౌంటరా, గేజా, హిస్టోగ్రామా. మూడో వరసలో కొలత పేరు, మీసాల బ్రాకెట్లలో కొన్ని లేబుళ్ళు, చివర అంకె. పేరు పెట్టడానికి కూడా మర్యాదలున్నాయి. కౌంటరైతే పేరు 'టోటల్'తో ముగియాలి. కాలమైతే సెకన్లలో, పరిమాణమైతే బైట్లలో ఉండాలి, ఆ ప్రమాణం పేరులోనే కనబడాలి. పోస్ట్‌గ్రెస్ తన క్వెరీల, అంటే తనని అడిగిన ప్రశ్నల, కాలాన్ని మిల్లీసెకన్లలో చెబుతుంది కాబట్టి మర్యాద తెలిసిన ఎక్స్‌పోర్టర్ దాన్ని వెయ్యితో భాగించి సెకన్లు చేసి మరీ ఇస్తుంది. ఒకరు అడుగుల్లోనూ ఇంకొకరు మీటర్లలోనూ రాసిన రిజిస్టరును చదివి గాభరాపడిన అనుభవం ఉన్నవాళ్ళకి ఈ పట్టుదల విలువ చెప్పక్కర్లేదు.

లేబుళ్ళ సంగతి మరీ సొగసైనది. ఒక సర్వరులో కమిట్లు ఇన్ని అంటే చాలదు, ఏ డేటాబేసువి, ఏ యంత్రం మీదివి అని కూడా తెలియాలి. వీటన్నిటినీ పేరులో కుక్కితే తర్వాత విడదియ్యడం నరకం. అందుకని పేరు ఒకటే ఉంచి, వివరాల్ని జతలుగా కడతారు: డేటాబేసు ఫలానా, యంత్రం ఫలానా. అప్పుడు యంత్రాలన్నిటినీ కలిపి చూడాలన్నా, ఒక్కదాన్ని విడిగా చూడాలన్నా ఒకే అంకెల రాశి నుంచి కుదురుతుంది. కాకపోతే దీనికో ఖరీదుంది. లేబుళ్ళలో ఏ ఒక్కటి మారినా అది వేరే గీత. పది యంత్రాలు, ఒక్కోదానిలో ఇరవై డేటాబేసులుంటే రెండువందల గీతలు, ఫరవాలేదు. ఉత్సాహం కొద్దీ క్వెరీ పాఠాన్నే లేబుల్‌గా పెడితే మటుకు కొంప మునుగుతుంది.

ఎందుకో ఒక ఉదాహరణ. కడియం నర్సరీల్లో ఒకదానికి మొక్కల ఆర్డర్లు రాసుకునే డేటాబేసు ఉందనుకుందాం. 7వ నంబరు మొక్క ఎన్ని ఉన్నాయి అని ఒకరు అడుగుతారు, 8వ నంబరు ఎన్ని అని ఇంకొకరు. అక్షరాలు చూస్తే రెండు వేరు ప్రశ్నలు, డేటాబేసు చేసే పని చూస్తే ఒకటే ప్రశ్న. మొక్కల రకాలు వేలల్లో ఉంటే గీతలూ వేలల్లో పుట్టుకొస్తాయి, ఏ ఒక్క గీతా ఏమీ చెప్పదు. దీనికి పోస్ట్‌గ్రెస్‌లో 'పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్' అనే అనుబంధం చేసే పని నాకు ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. అది క్వెరీ అక్షరాల్ని పోల్చదు. డేటాబేసు ఆ వాక్యాన్ని అర్థం చేసుకుని కట్టుకున్న లోపలి చెట్టును తీసుకుంటుంది. ఏ పట్టిక, ఏ గడి, ఏ షరతు అన్న ముఖ్యమైన కొమ్మలన్నిటినీ తడిమి, 7, 8 లాంటి విడి విలువల్ని మాత్రం వదిలేసి, మిగిలినదానికి 64 బిట్ల ముద్ర ఒకటి తయారుచేస్తుంది. అదే ఆ క్వెరీ గుర్తింపు సంఖ్య. పెద్దక్షరాలు చిన్నక్షరాలయినా, మధ్యలో ఖాళీలు ఎక్కువైనా ముద్ర మారదు. చూపించేటప్పుడు విలువ ఉండాల్సిన చోట డాలరు గుర్తు పక్కన ఒకటి వేసి చూపిస్తుంది. మామూలు అమరికలో ఇలాంటివి 5,000 దాకా గుర్తుంచుకుని, ఆపైన అరుదుగా వచ్చేవాటిని వదిలించుకుంటుంది.

ఒక్కో క్వెరీకి అది దాచే అంకెలూ చూడదగినవే. ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం తీసుకుంది, కనిష్ఠం, గరిష్ఠం, సగటు, సగటు చుట్టూ చెదరడం ఎంత. చెదరడం లెక్కకట్టాలంటే మామూలుగా విలువలన్నీ దాచుకుని, సగటు తేలాక మళ్ళీ మొదటి నుంచి రావాలి. కోట్లసార్లు నడిచే క్వెరీకి అది అయ్యే పని కాదు. వర్గాల మొత్తం పోగుచేసి చివర్లో తీసివేసే అడ్డదారి ఉంది గాని, పెద్ద సంఖ్యలోంచి దాదాపు అంతే పెద్ద సంఖ్య తీసేసరికి చిన్న తేడా కాస్తా గుండ్రం చెయ్యడంలో కొట్టుకుపోతుంది. 1962లో వెల్ఫర్డ్ చెప్పిన పద్ధతి ఈ రెండు గోతులూ తప్పిస్తుంది. కొత్త విలువ రాగానే పాత సగటుకి అది ఎంత దూరమో చూడు, సగటును ఆ మేరకు జరుపు, కొత్త సగటుకి ఎంత దూరమో మళ్ళీ చూడు, ఆ రెండు దూరాల లబ్ధాన్ని ఖాతాలో వెయ్యి. ఆపైన విలువను మర్చిపో. అరవై ఏళ్ళ నాటి ఈ రెండు వరసల లెక్క ఇవాళ్టికీ ఆ కోడ్‌లో అలాగే కూర్చుని ఉంది.

ఇక వేగం. రెండు రీడింగుల తేడాను కాలంతో భాగించడమే కదా అనిపిస్తుంది. మీటరు మారిస్తే? పోస్ట్‌గ్రెస్ మర్యాదగా ఆగితే తన లెక్కల్ని డిస్కు మీద భద్రం చేసుకుని మళ్ళీ లేచాక అందుకుంటుంది. ఉన్నపళంగా కుప్పకూలి లేస్తే ఆ లెక్కల్ని నమ్మకుండా పారేసి సున్నా నుంచి మొదలెడుతుంది. వరసగా రీడింగులు 4820, 4970, 30, 90 అని వచ్చాయనుకోండి. చివరిదాంట్లోంచి మొదటిది తీసేస్తే మైనస్ 4730 కమిట్లు! ప్రొమీథియస్‌లోని 'రేట్' అనే ఫంక్షన్ ఇక్కడ కౌంటర్ అన్న మాటను సాక్ష్యంగా తీసుకుంటుంది. కౌంటర్ తగ్గదు, తగ్గిందంటే సున్నా నుంచి మళ్ళీ మొదలైందన్నమాట, కాబట్టి 30 అన్నదంతా కొత్త పనే. 150, 30, 60 కలిపి 240. కుప్పకూలే ముందు చివరి రీడింగు తర్వాత జరిగిన కొద్ది కమిట్లు ఎటూ పోయాయి, వాటిని ఎవరూ తేలేరు. ఇదే లెక్క గేజ్ మీద వేస్తే అబద్ధం. వరద తీసి మట్టం 13 నుంచి 9కి దిగితే, 9 అడుగుల కొత్త నీళ్ళొచ్చాయని చెప్పినట్టవుతుంది. ఎక్స్‌పోర్టర్ రెండో వరసలో జాతి పేరు రాసింది ఇందుకే. కాకపోతే ప్రొమీథియస్ ఈ విషయంలో కాపలా పూర్తిగా కాయదని నా ఫిర్యాదు. గేజ్ మీద రేట్ వేసినా అది నోరు మూసుకుని లెక్కేసి ఇస్తుంది.

సగటు గురించి నాకొక పాత గాయం ఉంది. ఒకచోట పనిచేసేటప్పుడు డబ్బు చెల్లింపులు అయిదేసి సెకన్లు ఆగిపోతున్నాయని వాడేవాళ్ళు మొత్తుకుంటుంటే, మేము డాష్‌బోర్డ్ చూపించి సగటు 60 మిల్లీసెకన్లే కదండీ అని వాదించాం. వందలో తొంభైతొమ్మిది క్వెరీలు 10 మిల్లీసెకన్లలో అయిపోయి, ఒక్కటి 5 సెకన్లు పడితే సగటు 59.9 మిల్లీసెకన్లు. ఆ అంకెలో తొంభైతొమ్మిది మందీ లేరు, ఆ ఒక్కడూ లేడు. పోనీ ఒక్కో యంత్రం మీదా నూటికి తొంభైఅయిదు క్వెరీలు ఎంతలోపు అయిపోయాయో ఆ హద్దు తీసి, ఆ హద్దుల సగటు తీద్దామంటే ఇంకా తప్పు. హద్దుల సగటు ఎవరి హద్దూ కాదు.

దీనికి విరుగుడు హిస్టోగ్రామ్. ముందే కొన్ని గీట్లు పెట్టుకుంటారు: 0.1 సెకను, 0.5 సెకను, 1 సెకను, ఆపైన అనంతం. ప్రతి గీటుకీ ఒక కౌంటర్. క్వెరీ ముగియగానే దాని కాలానికి పైనున్న గీట్లన్నిటి కౌంటర్లూ ఒక్కొక్కటి పెరుగుతాయి. అంటే 0.5 దగ్గరి అంకెలో 0.1 లోపు అయిపోయినవీ కలిసే ఉంటాయి. ఈ కలిపి ఉంచడంలోనే తెలివంతా ఉంది. గీట్లు ఎక్కువై బరువనిపిస్తే మధ్యలో ఒకదాన్ని నిస్సంకోచంగా తీసెయ్యొచ్చు. నునుపు తగ్గుతుందే గాని మిగిలినవి తప్పుకావు. పది యంత్రాల హిస్టోగ్రాముల్ని కలపాలంటే గీటుకి గీటు కూడితే సరి, ఎందుకంటే అన్నీ కౌంటర్లే. ఆ కూడినదాంట్లోంచి హద్దు తీస్తారు. వెయ్యి క్వెరీల్లో 900 0.1 సెకను లోపు, 960 0.5 లోపు అయిపోయాయనుకోండి. తొంభైఅయిదో వంతు హద్దు అంటే 950వ క్వెరీ. అది 0.1కీ 0.5కీ మధ్య ఉన్న అరవైలో యాభయ్యోది. ఆ అరవై సమంగా పరుచుకుని ఉన్నాయని ఒప్పుకుంటే జవాబు సుమారు 0.43 సెకను. కొంత ఊహ ఉంది నిజమే, కానీ ఆ ఊహ ఎంతలోపు ఉందో మనకి తెలుసు. గీటుకీ గీటుకీ మధ్య దూరాన్ని అది దాటలేదు.

అమెజాన్ వాళ్ళ కొలతల వ్యవస్థ క్లౌడ్‌వాచ్ ఇదే ఆలోచనని ఇంకో తీరున పాటిస్తుంది. ఒక వ్యవధిలోని రీడింగులన్నిటికీ బదులు నాలుగంకెల మూట ఒకటి ఇచ్చినా పుచ్చుకుంటుంది: ఎన్ని, మొత్తం, కనిష్ఠం, గరిష్ఠం. రెండు మూటల్ని కలిపితే ఇంకో మూటే వస్తుంది. ఎన్నికి ఎన్ని కూడాలి, మొత్తానికి మొత్తం కూడాలి, కనిష్ఠాల్లో చిన్నది, గరిష్ఠాల్లో పెద్దది. మూటలో సగటు లేదు, గమనించండి. మొత్తాన్ని ఎన్నితో భాగిస్తే సగటు ఎప్పుడైనా వస్తుంది. సగటు నుంచి మాత్రం వెనక్కి రాలేం. పాతబడే కొద్దీ కొలతల్ని ముతక చేసుకుంటూ పోవడానికి ఇలా కలపగలిగే గుణమే కావాలి. నిమిషానికొకటి ఉన్న వివరం 15 రోజులు, అయిదు నిమిషాలకి కుదించినది 63 రోజులు, గంటకి కుదించినది 455 రోజులు నిలుస్తాయి.

క్లౌడ్‌లో నాకు బాగా నచ్చిన కొలత ఇంకొకటుంది, డేటాబేసు మీద భారం. పుష్కర ఘాట్ ఎంత రద్దీగా ఉందో తెలుసుకోవాలంటే వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ లెక్కపెట్టడం ఒక పద్ధతి. సెకనుకొకసారి మెట్ల మీదికి తలెత్తి ఇప్పుడు ఎంతమంది ఉన్నారో చూసుకోవడం ఇంకో పద్ధతి. అమెజాన్ వాళ్ళ పెర్ఫార్మెన్స్ ఇన్‌సైట్స్ రెండోది ఎంచుకుంది. సెకనుకొకసారి ఎన్ని సెషన్లు పనిలో ఉన్నాయో, ఒక్కోటీ ఏ క్వెరీ మీద ఉందో, దేనికోసం ఎదురుచూస్తోందో రాసుకుంటుంది. వీటి సగటే భారం. సెకనుకి 200 క్వెరీలు వస్తూ ఒక్కోటీ 0.02 సెకను పడితే ఏ క్షణాన చూసినా సగటున 4 సెషన్లు పనిలో కనబడతాయి. రావడంలోని వేగమూ, ఉండిపోవడంలోని ఆలస్యమూ రెండూ ఒక్క అంకెలో ఇమిడాయి. పైగా ఆ నాలుగునీ విడగొట్టి, రెండు ప్రాసెసరు మీద, ఒకటి డిస్కు కోసం, ఒకటి తాళం కోసం అని రంగురంగుల పొరలుగా పేర్చొచ్చు. ప్రాసెసర్లు ఎన్నున్నాయో అక్కడ అడ్డంగా ఒక గీత. పొరలు దాన్ని దాటితే పని కన్నా క్యూ పెద్దదైందని అర్థం. చిటికెలో ముగిసే క్వెరీ సెకను తనిఖీకి దొరక్కపోవచ్చు. చిటికెలో ముగిసేదే అయినా వేలసార్లు వస్తే తప్పకుండా దొరుకుతుంది. దొరకనంత అరుదైనది ఎలాగూ భారం కాదు. ఏది వదిలెయ్యొచ్చో తెలిసి వదిలేసిన కొలత ఇది.

ఇన్ని అంకెలు దాచడానికి చోటు? పదిహేను సెకన్లకొకటి చొప్పున ఒక్క గీతకి రోజుకి 5760 రీడింగులు. సమయానికి 8 బైట్లు, విలువకి 8 బైట్లు అంటే రోజుకి 92,160 బైట్లు. గీతలు లక్షల్లో ఉంటాయి. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2015లో గొరిల్లా అనే తమ నిల్వ పద్ధతి గురించి రాసిన పత్రంలో ఒక్కో రీడింగును 16 బైట్ల నుంచి సగటున 1.37 బైట్లకి దించామని చెప్పారు. ప్రొమీథియస్ దాన్నే తనకి తగ్గట్టు మలుచుకుంది. చిట్కా వింటే ఇంతేనా అనిపిస్తుంది. సమయాలు 15, 30, 45 అని వెళ్తుంటే వాటి తేడాలు 15, 15. ఆ తేడాల తేడా సున్నా. సున్నాని ఒక్క బిట్‌తో రాసేస్తారు. ఫేస్‌బుక్ అంకెల్లో నూటికి 96 సమయాలు అలా ఒకే బిట్‌లో ఇమిడిపోయాయి. విలువల విషయానికొస్తే, పక్కపక్క రీడింగుల బిట్లను ఒకదానిపై ఒకటి పేర్చి ఎక్కడ తేడా ఉందో అదే రాస్తారు. విలువ మారకపోతే మళ్ళీ ఒక్క బిట్టే. మారినా చాలాసార్లు మధ్యలో కాసిన్ని బిట్లే మారతాయి.

ఈ ఒక్క బిట్ కోసం ప్రొమీథియస్ చిన్న అబద్ధం కూడా ఆడుతుంది. తలుపు తట్టడం ఒకటి రెండు మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే, సరిగ్గా అనుకున్న వేళకే తట్టినట్టు సమయం సర్దేసి రాసుకుంటుంది. రెండు మిల్లీసెకన్లు మించితే సర్దదు. నాకైతే ఈ అబద్ధం ముద్దుగానే ఉంటుంది. హద్దు రాసిపెట్టుకుని మరీ ఆడుతోంది కదా.

కొలత చివరికి చేరేది హెచ్చరిక దగ్గరికి. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు. ఎగువన భద్రాచలంలో 43, 48, 53. హద్దు దాటగానే కేకెయ్యడం సులువే. కేక నమ్మేలా ఉండాలంటే కొంత ఓపిక కావాలి. ప్రొమీథియస్ నియమంలో ఇంత సేపు అని ఒక గడువు రాస్తారు. హద్దు దాటగానే హెచ్చరిక ఎదురుచూపులో పడుతుంది, అయిదు నిమిషాలు దాటే ఉంటే మోగుతుంది, మధ్యలో ఒక్కసారి దిగినా గడువు మళ్ళీ మొదటి నుంచి. దిగాక వెంటనే ఆపెయ్యకుండా కొంతసేపు మోగుతూ ఉంచే ఏర్పాటు 2023లో చేర్చారు. హద్దు అంచున ఎక్కుతూ దిగుతూ ఉండే అంకె అర్ధరాత్రి మనిషిని పదిసార్లు లేపకుండా ఉండటానికి అది. 2022 జులైలో భద్రాచలం దగ్గర మట్టం 71.3 అడుగులకెక్కినప్పుడు దిగువన లంకల వాళ్ళకి ధవళేశ్వరం అంకె కోసం ఆగే పని లేకపోయింది. పై మట్టాన్ని బట్టి రేపు ఎలా ఉంటుందో లెక్కేసుకున్నారు. డిస్కు ఎప్పటికి నిండుతుందో గడిచిన గంటల వాలును పొడిగించి ముందే చెప్పే ఫంక్షన్ ప్రొమీథియస్‌లోనూ ఉంది. నూటికి తొంభై నిండినప్పుడు కేకెయ్యడం కన్నా, ఈ లెక్కన నాలుగు గంటల్లో నిండుతుందని కేకెయ్యడం నయం.

మా పక్కింటి బాబాయిగారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఒకసారి నా తెర వెనక నిలబడి ఇదంతా ఓపిగ్గా విని, ఒక్కటే అడిగారు.

"ఇన్ని చెప్పావు గాని అబ్బాయ్, గేజి చూసేవాడు ఆ పూట వెళ్ళలేకపోతే మీవాళ్ళు ఏం రాస్తారు?"

"మీరేం రాసేవారండీ?"

"గీత పెట్టేవాళ్ళం. సున్నా వేశామంటే గోదారి ఎండిపోయిందనుకుంటారు. నిన్నటిదే వేసేశామంటే, అది దొంగ రిజిస్టరు."

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను కోడ్‌లోకి దిగాను. 64 బిట్లలో సంఖ్యను రాసే ప్రమాణంలో 'ఇది సంఖ్య కాదు' అని చెప్పడానికి ఒక తావు వదిలిపెట్టారు. ఘాతం భాగంలో బిట్లన్నీ ఒకటై, మిగతా భాగం పూర్తిగా సున్నా కాకపోతే చాలు, అది సంఖ్య కాదు. మిగతా భాగంలో 52 బిట్లున్నాయి కాబట్టి సంఖ్య కాదని చెప్పడానికి కోటానుకోట్ల తీరులున్నాయి. సున్నాని సున్నాతో భాగిస్తే వచ్చేదీ వాటిలో ఒకటే. ప్రొమీథియస్ వాళ్ళు ఆ రాశిలోంచి, కొసన 2 ఉన్న ఒక్క తీరును ఎంచి పక్కకు తీశారు. దాని అర్థం: తలుపు తట్టాం, లోపల ఎవరూ పలకలేదు. తలుపు తట్టిన వేళతో సహా ఆ గుర్తు విలువల మధ్యే నిల్వలో కూర్చుంటుంది, దానికోసం వేరే గడి అక్కర్లేదు. గీత గీసేటప్పుడు అది కనబడగానే పాత విలువను సాగదియ్యడం ఆగిపోతుంది.

బాబాయిగారికి చూపించడానికి అంతకుముందు వారం నాటి గ్రాఫు తెరిచాను. ఆ రాత్రి ఒక డేటాబేసు పడిపోయి లేచింది. 2 గంటల 40 నిమిషాల దాకా గీత ఉంది. 2 గంటల 52 నుంచి మళ్ళీ ఉంది. మధ్యలో తెల్లగా ఖాళీ. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఎవరూ ఏమీ నింపలేదు కదా?" అన్నారు. లేదండీ అన్నాను.